సాక్షి అనకూడని ఊరు

క్వారీ ఊరు,
సైకిల్ షాపు మీది గది,
జూన్

ప్రియమైన అక్కకి, తమ్ముడు వందనాలతో రాసేది.

క్షేమంగా చేరాను. గది దొరికింది. కింద సైకిల్ షాపు, పైన నేను. భర్త పోయాక షాపు ఇంటావిడే నడుపుతోంది. పంక్చరు వేస్తూనే అద్దె తేల్చేసింది, తలెత్తి నా మొహం కూడా చూడలేదు. గదికి ఒకటే కిటికీ. తీస్తే రాతిపొడి, మూస్తే ఉక్క. సాయంత్రం జనం క్వారీ నుంచి దిగి వస్తుంటే జుట్టూ కనుబొమ్మలూ అన్నీ తెల్లగా ఉంటాయి, ఎవడు కుర్రాడో ఎవడు ముసలాడో పోల్చలేం. దగ్గు వింటే గానీ తెలియదు.

బావకి చెప్పు, సంఘం నాకు తిండి పెట్టక్కర్లేదు. ఇక్కడివాళ్ళు సమ్మెట పిడులు ఊరికే విరగ్గొడుతుంటారు. నాన్న నేర్పిన వడ్రంగం నాకు కూడు పెడుతుంది.

ఆదివారం బజారు మలుపులో నిలబడి మొదటిసారి మాట్లాడాను. ఈ ఊళ్ళో సువార్త చెప్పిన మొదటివాణ్ణి నేనే కదా, నోరు జారకూడదని మాటలన్నీ ముందే బట్టీ పట్టాను. జనం బాగానే ఆగారు. బాగానే విన్నారు. చివర్లో, మీలోంచి సాక్షుల్ని తయారుచేయడానికే నేనీ ఊరికి వచ్చాను అన్నాను. అంతే అక్కా, ఒక్కరూ తిట్టలేదు, ఒక్కరూ అడగలేదు. పిల్లల రెక్కలు పుచ్చుకుని లాక్కుపోయారు. మర్నాటి నుంచి నా దగ్గర పిడి కొన్నవాడు లేడు. కుళాయి దగ్గర నా బిందె పక్కకి తన్నేస్తున్నారు. ఏం తప్పు మాట్లాడానో ఎంత తలబద్దలు కొట్టుకున్నా తెలియడం లేదు.

నుదుటి మీద చిన్న దెబ్బ తగిలింది. మెట్ల మీద జారాను. కంగారు పడకు.

నీ తమ్ముడు

*

ఆసుపత్రి వెనక వీధి,
జూలై

ఒరేయ్ తమ్ముడూ,

మెట్ల మీద జారినవాడికి నడుం విరుగుతుందిరా, నుదురు పగలదు. పురుళ్ళ వార్డులో ఇన్నేళ్ళుగా పని చేస్తున్నాను. "మెట్ల మీద జారాను" అని చెప్పిన ఆడవాళ్ళని ఎంతమందిని చూశానో. నా దగ్గరా నీ కోతలు? ఆ రాయి ఎవరు వేశారో రాయి. నవ్వు వచ్చిందా? నాకు రాలేదు.

మీ బావ నీ ఉత్తరం గుడిలో చదివాడు. చదివాడంటే, అవసరమైనంత చదివాడు. "జనం బాగానే విన్నారు" దాకా చదివి కళ్ళజోడు తీసేశాడు. అందరూ స్తోత్రం అన్నారు. బిందె సంగతి, నుదురు సంగతి ఏవీ అని ఇంటికొచ్చాక అడిగితే, బలహీనులు బెదిరిపోతారు, అన్నీ చెప్పకూడదు అన్నాడు. మిషను కమిటీ కార్యదర్శి అయిన దగ్గర నుంచి ఇంట్లో కూడా తీర్మానాలే చేస్తున్నాడు.

నువ్వన్న మాటలో తప్పేముందో నాకూ తెలియదు. ఊరివాళ్ళని అడుగు. అడగడానికి నామోషీ పడకు. పైన గదిలో కూర్చుని ప్రార్థన చేస్తే కింద ఎవరూ జవాబు చెప్పరు.

అక్క

*

క్వారీ ఊరు,
సెప్టెంబరు

అక్కా,

నువ్వు చెప్పినట్టే అడిగాను. ఇంటావిడ టైరుకి గాలి కొడుతూ చెప్పింది. ఈ ఊళ్ళో ఏ బూతైనా నోటికొస్తుంది గానీ, సాక్షి అన్న మాట మాత్రం రాదట. చాలా ఏళ్ళ కిందట కూలి కోసం అందరూ పని ఆపేశారు. కంపెనీ గోడౌను తగలబడింది. ఎవరు తగలబెట్టారో దేవుడికే తెలియాలి. కంపెనీవాళ్ళు ఊళ్ళోవాళ్ళనే ముగ్గుర్ని పట్టుకుని బోనెక్కించారు. ఆ ముగ్గురూ తమ పక్కన కూర్చుని అన్నం తిన్నవాళ్ళని వేలుపెట్టి చూపించారు. జైలుకి పోయినవాళ్ళలో ఇంటావిడ బావగారు కూడా ఉన్నాడు. వాళ్ళెవరూ తిరిగి రాలేదు. అప్పటి నుంచి తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి ఇక్కడ సాక్షి అంటారు. "కుక్కని కూడా అనం ఆ మాట" అంది.

నేనేమో మీలోంచి సాక్షుల్ని తయారుచేస్తానని బజారులో నిలబడి అరిచాను. నన్ను చంపకుండా వదిలారంటే వీళ్ళు మంచివాళ్ళే. ఇక కంపెనీ ఆఫీసులోనేమో నన్ను కూలీల్ని ఎగదోయడానికి వచ్చినవాడనుకుంటున్నారు. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఆ మాట నేను మానేశాను. కన్నది కన్నట్టు చెప్పేవాళ్ళు అంటున్నాను.

రాయి సంగతి అడిగావు. వేసింది ఒక పిల్లాడు, ఒట్టి పిల్లాడు. ఇంక అడగకు.

ఒక మంచి సంగతి. క్వారీ మేస్త్రీ ఉన్నాడు, అందరూ ఉరుము మేస్త్రీ అంటారు, ఆ గొంతు అలాంటిది. ఆయన పేరు చెబితే కూలీలు అన్నం ముద్ద కూడా గబగబా మింగేస్తారు. ఆ మనిషి పిడుల కోసం వచ్చి నా గదిలో కూర్చున్నాడు. పోయినేడు ఒక్కగానొక్క కూతురు జ్వరంతో పోయిందట. అంత పెద్ద మనిషీ నా చెక్కపొట్టులో కూర్చుని ఏడ్చాడు. తర్వాత ప్రతి వారం వచ్చాడు. పోయిన ఆదివారం పాత క్వారీ గుంటలో బాప్తిస్మం ఇచ్చాను. గట్టు మీద ఇంటావిడ తప్ప ఎవరూ లేరు. ఆవిడ కూడా ఎవరైనా మునిగిపోతే తీయడానికి వచ్చానంది.

ఒక్కడు అక్కా. అయినా ఒక్కడు. ఆ పూట గదికొచ్చి చిన్నపిల్లాడిలా గెంతాను.

తమ్ముడు

*

ఆసుపత్రి వెనక వీధి,
అక్టోబరు

తమ్ముడూ,

నువ్వు అక్కడ గెంతితే ఇక్కడ గుడి గెంతింది. మీ బావ ఉత్తరం చదివాక అయ్యగారు అప్పటికప్పుడు ప్రసంగం మార్చేశారు. ఎదిరింపుల మధ్య నమ్మకంగా నిలవడం, మన మిషనరీ నుంచి మనం నేర్చుకోవలసిన పాఠాలు. అన్ని పాఠాల్లోనూ మేస్త్రీయే ఉన్నాడు. నీ నుదురు ఎక్కడా లేదు. విత్తు వేసినవాడు కోస్తాడట. ఆ విత్తు వేసినవాడి బిందె తన్నేస్తున్నారని వెనక బల్ల మీద నుంచి అరుద్దామనుకున్నాను. మీ బావ మొహం చూసి ఊరుకున్నాను.

నాకూ సంతోషమేరా. కానీ నేను పురుడు పోసేదాన్ని. మొదటి ఏడుపు వినగానే మిఠాయి పంచను, బిడ్డ పాలు పట్టేదాకా ఆగుతాను. నీ మేస్త్రీని కనిపెట్టి ఉండు.

దగ్గు మొదలైందని రాయలేదు గానీ, నీ అక్షరాలు మధ్యమధ్యలో ఎగిరిపడుతున్నాయి. కిటికీకి తడిగుడ్డ కట్టు.

అక్క

*

క్వారీ ఊరు,
డిసెంబరు

అక్కా,

ఇది నీకొక్కదానికే. గుడిలో చదవొద్దు.

మంగళవారం పిడులు దింపడానికి క్వారీలోకి వెళ్ళాను. రాతికి తూట్లు పొడిచి పేలుడు మందు పెట్టే మనిషి ఒకడుంటాడు. మితభాషి, ఒత్తి అంటించే ముందు గంట కొట్టి, అందరూ గోడ చాటుకి పోయారో లేదో తనే తిరిగి చూసుకుంటాడు. ఆ రోజు గంట తాడు చేతిలోనే ఉంది. మేస్త్రీ వచ్చాడు. లారీలు నిలబడి ఉన్నాయి, గంట కొడితే అందరూ పని పడేసి పోతారు, మళ్ళీ రావడానికి పూట పడుతుంది. "గంట వద్దు, కేకెయ్, చాలు" అన్నాడు. ఆ మనిషి కదల్లేదు. మేస్త్రీ తాడు లాక్కుని పక్కన పడేశాడు. ఆ గొంతు ఎంత దూరం వినిపిస్తుందో తెలుసుగా, నాకు ప్రతి మాటా వినపడింది.

కేక లారీ ఇంజిన్ల మోతలో కలిసిపోయింది. కింద కంకర మోస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు పోయారు. అత్తాకోడళ్ళు. నేను పరుగెత్తాను. ఏం చూశానో రాయను. నువ్వు రోజూ నెత్తురు చూసేదానివే అయినా రాయను.

సాయంత్రానికి పోలీసులు మందు పెట్టే మనిషిని తీసుకుపోయారు. తాగి ఉన్నాడట, అందుకే గంట మర్చిపోయాడట. మందు మనిషి కదా, మందు కొట్టాడంటే ఎవరైనా నమ్ముతారు. ఈ ఊళ్ళో తాగనివాళ్ళు ఇద్దరే, వాడూ నేనూ. అక్కడున్న కూలీలకి కొంతమందికి తెలుసు. ఒక్కరూ నోరు తెరవరు. తెరిస్తే పని పోతుంది, పైగా బోనెక్కడమంటే ఈ ఊళ్ళో ఏమిటో నీకు రాశాను.

మేస్త్రీ నా గదికి వచ్చాడు. పైనుంచి ఒత్తిడి అయ్యగారూ, నాకూ సంసారం ఉంది అన్నాడు. నిజం చెప్పమన్నాను. బతిమాలాను. నాతోపాటు మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ప్రార్థన చేశాడు, లేచి వెళ్ళి కంపెనీ రాసిచ్చిన కాగితం మీద సంతకం పెట్టాడు.

ఇక మిగిలింది నేను. నేను చెబితే నా మొదటి విశ్వాసిని నా చేత్తోనే జైలుకి తోయాలి. చెప్పకపోతే ఏ తప్పూ చేయనివాడు పోతాడు. వాడి భార్య నా మెట్ల మీద పొద్దున్నుంచి కూర్చుని ఉంది. ఏమీ అడగడం లేదు. అడిగితే బాగుండును.

తమ్ముడు

*

ఆసుపత్రి వెనక వీధి,
డిసెంబరు

తమ్ముడూ,

ఆ ఉత్తరం ఒక్కదాన్నే మోయలేకపోయాను. మీ బావకి చూపించాను. నన్ను తిట్టుకో.

కమిటీ కూర్చుంది. కోర్టుల్లో దిగితే సువార్తకి చెడ్డపేరట. మన మొదటి ఫలాన్ని మనమే తెంచి తొక్కుకుంటామా అన్నారు. బోనెక్కితే నీతో సంఘానికి సంబంధం ఉండదని రాయమన్నారు. మీ బావ రాయలేదు, నన్ను రాయమన్నాడు. ఇదిగో రాశాను.

ఇప్పుడు నా మాట. వాళ్ళకన్నా నేనేదో గొప్పదాన్ననుకోకు. వాళ్ళకి సంఘం పేరు కావాలి, నాకు నువ్వు కావాలి. ఇద్దరం చెప్పేది ఒకటే, నోరు మూసుకో. అమ్మ పోయినప్పుడు నువ్వు నా చంకలో ఉన్నావు. నాకు పుట్టినవాళ్ళు ఎవరూ నిలవలేదు, నువ్వొక్కడివే నిలిచావు. ఎవడో మందు పెట్టేవాడి కోసం నిన్ను క్వారీలో పాతిపెట్టుకోమంటావా? పెట్టె సర్దుకుని రా. ఇక్కడ తలుపులూ కిటికీలూ చేసుకుంటూ ఆదివారాలు గుడిలో పాఠాలు వింటూ బతుకు. దేవుడు ఏమీ అనుకోడు. అనుకుంటే నా మీద అనుకోమను.

అక్క

*

క్వారీ ఊరు,
ఫిబ్రవరి

అక్కా,

అక్షరాలు చూసి భయపడకు. ఎడమచేత్తో రాస్తున్నాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకునే బోనెక్కాను. నువ్వు రాసినది తప్పని కాదు. నాకూ రావాలనే ఉంది. కానీ ఆవిడ మెట్ల మీద నుంచి లేవలేదు.

చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పాను. తర్వాత మేస్త్రీని పిలిచారు. నేనిచ్చిన పుస్తకం మీదే చెయ్యి పెట్టి ప్రమాణం చేసి, మందు పెట్టే మనిషి దగ్గర సారా వాసన వచ్చిందన్నాడు. ఆ ఉరుము గొంతు పక్కనున్న గుమాస్తాకి కూడా వినపడలేదు, రెండుసార్లు గట్టిగా చెప్పమన్నారు. అప్పుడు కంపెనీ ప్లీడరు నా వైపు తిరిగాడు.

"ఈయన మీ శిష్యుడే కదా. అబద్ధం చెబుతున్నాడంటారా?"

"అంటాను."

"అయితే మీరు నేర్పిందేమిటి?"

కోర్టంతా నవ్వింది. ఆ ప్రశ్నని ఇంకా మోస్తున్నాను అక్కా. అంతమందిలో సిగ్గుతో చచ్చిపోయాను. శిష్యుడి మీద పగతో గురువు కట్టిన కథ అన్నారు. మందు పెట్టే మనిషికి పదేళ్ళు వేశారు. తీసుకుపోతుంటే నన్ను చూసి తల ఊపాడు, అంతే.

బస్సు దిగిన చోటే కంపెనీ మనుషులు నలుగురు పట్టుకున్నారు. కుడిచెయ్యి రాయి మీద పెట్టి సమ్మెటతో కొట్టారు. పిడి నేను చేసిందే, గుర్తుపట్టాను. వేళ్ళు మూడు పనికిరావంటున్నారు. ఇంటావిడ సైకిలు ట్యూబు కోసి కట్టు కట్టింది. ఇప్పుడు నా బిందె ఎవరో రోజూ నింపి మెట్ల మీద పెట్టి పోతున్నారు. ఎవరో కనపడరు.

ఇంకొకటి రాయాలి. మేస్త్రీ వచ్చాడు, ఆ వారమే. తలుపు తట్టడం బట్టి తెలుసు, మూడువేళ్ళతో మెల్లగా తడతాడు. "అయ్యగారూ" అన్నాడు. గొళ్ళెం మీద చెయ్యి పెట్టాను కూడా. తీయలేదు. చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. క్షమించమని బజారులో అందరికీ బోధించినవాణ్ణి నేనే. నా వేళ్ళ నొప్పి కన్నా ఆ మనిషి మీద కోపమే ఎక్కువ సలుపుతోంది.

తమ్ముడు

*

ఆసుపత్రి వెనక వీధి,
మార్చి

నాన్నా,

ఆదివారం నీతో సంబంధం లేదన్న తీర్మానం మీ బావ చదివాడు. చదవడం అవగానే నేను లేచాను. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరైనా లేస్తే పసిపిల్ల ఏడుస్తోందనుకుంటారు, అందుకే ఎవరూ ఆపలేదు. ఆపాలని తోచేలోపు నీ ఉత్తరాల్లో మీ బావ దాటేసినవన్నీ చదివేశాను. రాయి, బిందె, గంట, బోను, వేళ్ళు, అన్నీ. గొళ్ళెం కూడా చదివాను. అది దాచడానికి నాకు హక్కు లేదనిపించింది. దాచి దాచే కదా ఇక్కడిదాకా వచ్చాం. అయిపోయాక ఎవరూ ఆమెన్ అనలేదు. సగంమంది లేచి వెళ్ళారు. మిగిలిన సగం ఎందుకు కూర్చున్నారో వాళ్ళకే తెలియదు. అయ్యగారు ఆ రోజు పాఠాలేమీ చెప్పలేదు.

ఇంటికొచ్చాక మీ బావ అన్నం ముందు కూర్చున్నాడు. కట్టు ఎవరు కట్టారట అని అడిగాడు. ఇంటావిడ, సైకిలు ట్యూబుతో అన్నాను. కంచం తోసేసి వెళ్ళి పడుకున్నాడు. ఈ పార్సిలులో కట్టుగుడ్డలూ మందూ ఉన్నాయి, కొన్నది ఆయనే. నేను చెప్పానని చెప్పకు.

నోరు మూసుకోమన్నాను నిన్ను. తప్పు రాశాను. నువ్వు వినకపోవడమే మంచిదైంది, ఆ మాట రాయడానికి ఇంత ఏడవాలా అని నాకే చిరాగ్గా ఉంది.

ఇక ఆ గొళ్ళెం. కోర్టులో నిజం చెప్పడం నీ వల్ల అయిందిరా. నీది మొండితనం, అమ్మ పోలిక. నీ వల్ల అయ్యే పనికి దేవుడెందుకు? నీ వల్ల కాని పని గుమ్మం అవతల నిలబడి తలుపు తడుతోంది. వాడు లోపలికి వస్తే నీకు ఒళ్ళు మండుతుంది. మండనీ. కాన్పులో బిడ్డ అడ్డం తిరిగితే ఆ తల్లిని వదిలేసి నేను చేతులు కడుక్కోను. చెయ్యి పెట్టి తిప్పాలి, అరుస్తుంది, అయినా తిప్పాలి. తలుపు తీసి ఉంచు.

అక్క

*

క్వారీ ఊరు,
మే

అక్కా,

మందు పెట్టే మనిషి జైల్లో చనిపోయాడు. జ్వరం అన్నారు. శవాన్ని కూడా ఇవ్వలేదు, అక్కడే పూడ్చేశారు. ఆవిడకి కబురు చెప్పాల్సింది నేనే అయ్యాను. ఏడవలేదు. ఇప్పుడింక నిజం ఎవరికి కావాలండీ అంది. నా నోట ప్రార్థన కూడా రాలేదు. ఆవిడతోపాటు మెట్ల మీద కూర్చున్నాను.

ఆ తర్వాత ఆదివారాలు ఆవిడ పైకి వచ్చి మూల కూర్చోవడం మొదలుపెట్టింది. దేవుడి కోసం కాదంది, ఈ ఊళ్ళో మా ఆయన తాగలేదని చెప్పిన గది ఇదొక్కటేనంది. ఇంటావిడ కూడా వస్తోంది. నువ్వు రాసినప్పటి నుంచి తలుపు తీసే ఉంచుతున్నాను. రాతిపొడి అంతా లోపలికే.

ఇవాళ మేస్త్రీ వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. మూల కూర్చున్న మందు పెట్టే మనిషి భార్యని చూశాడు. మనిషి సగమైపోయాడు. ఆవిడ నా వైపు తిరిగి, ఆయన లోపలికి వస్తే నేను బయటికి పోతాను అంది. కోపంగా అనలేదు, ఉన్న మాట చెప్పినట్టు అంది. నాకు ఒళ్ళు మండింది, నువ్వన్నట్టే. ఆయన్ని పొమ్మనలేను, ఆవిడని ఉండమనలేను. లేచి వెళ్ళి గుమ్మం మీద నిలబడ్డాను, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. అలాగే నిలబడి వాక్యం చదివాను. ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. అరచేతుల్లో మొహం పెట్టుకుని విన్నాడో లేదో తెలియదు.

అయిపోయాక తలెత్తకుండానే అన్నాడు.

"అయ్యగారూ, రేపు పొద్దున్న బస్సుకి మేజిస్ట్రేటు దగ్గరికి పోయి గంట సంగతి చెప్పేద్దామనుకుంటున్నా. మీరూ రండి. దారి తెలియక కాదు. ఒక్కణ్ణే ఎక్కితే మధ్యలో దిగిపోతాను."

చచ్చినవాడు లేచి రాడని ఆయనకీ తెలుసు. పని పోతుంది, జైలు వస్తుంది, కంపెనీవాళ్ళు నన్నే అలా చేశారు, ఆయన్ని ఏం చేస్తారో చెప్పలేను. వస్తానన్నాను. క్షమించానని చెప్పాలని నోటిదాకా వచ్చింది, నిజం కాకుండా చెప్పకూడదని ఆగాను. ఇంకా పూర్తిగా నిజం కాలేదు అక్కా.

లోపల ఆవిడ లేచింది. వెళ్ళిపోతుందనుకున్నాను. గుమ్మం దాకా వచ్చి ఆయన తల మీదుగా వీధి వైపు చూస్తూ నిలబడింది. నా పిల్లల్ని బడిలో తాగుబోతు పిల్లలంటున్నారు అంది. ఆ తర్వాత ఆయనతో కాదు, నాతో అంది.

"నేనూ వస్తాను. ఈయన్ని నేను నమ్మను. బస్సులో తలుపు పక్క సీటు నాది."

తమ్ముడు